ఓజోన్ పటం వెనక ఎన్ని ఉపగ్రహాలు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా సెప్టెంబరు 16న ఓజోన్ దినోత్సవం రాగానే అంటార్కిటికా మీద నీలం, ఊదా రంగుల మచ్చ (ఓజోన్ బాగా పలచబడిన చోటు, అదే ఓజోన్ రంధ్రం) ఉన్న పటం పేపర్లలో, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఆ పటం ఎక్కడి నుంచి వస్తుంది, అందులోని అంకెలు ఎంతవరకు నిజం అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్కువమంది అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. కొన్నింటికి ఒక్క మాటలో జవాబు ఉంది, కొన్నింటికి కాస్త ఓపిక కావాలి.

ఓజోన్ పటం అంటే ఉపగ్రహం తీసిన ఫొటోనే కదా?

కాదు. పటంలోని రంగులు మనం వేసినవి. ఉపగ్రహం కొలిచేది కాంతిని మాత్రమే. సూర్యుడి అతినీలలోహిత కాంతి వాతావరణంలోకి వచ్చి గాలి అణువులు, మబ్బులు, నేల మీద పడి కొంత వెనక్కి పైకి పోతుంది. ఆ దారిలో కొన్ని తరంగదైర్ఘ్యాలను ఓజోన్ బాగా పీల్చుకుంటుంది, పక్కనే ఉన్న మరికొన్నింటిని పెద్దగా పట్టించుకోదు. ఈ రెండు రకాల కాంతి ఏ నిష్పత్తిలో తిరిగి వచ్చిందో చూసి, మధ్యలో ఎంత ఓజోన్ ఉంటే ఇలా వస్తుందో లెక్క కడతారు. అంటే ప్రతి అంకె వెనకా ఒక లెక్క, ఆ లెక్క వెనక కొన్ని ఊహలు ఉంటాయి. ఇది గుర్తుంచుకుంటే తర్వాతి జవాబులు సులువుగా అర్థమవుతాయి.

డాబ్సన్ యూనిట్ అంటే ఎంత?

మన నెత్తి మీద ఉన్న గాలి స్తంభంలోని ఓజోన్ అంతా కిందికి దించి, సున్నా డిగ్రీల దగ్గర, మామూలు పీడనంలో పరిచామనుకోండి. ఆ పొర మందం మిల్లీమీటరులో నూరో వంతు ఉంటే అది 1 డాబ్సన్ యూనిట్. ప్రపంచ సగటు దాదాపు 300. అంటే 3 మిల్లీమీటర్లు, రెండు రూపాయి నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. 1920లలో ఆక్స్‌ఫర్డ్‌లో ఓజోన్ కొలిచే పరికరం తయారు చేసిన జి.ఎం.బి. డాబ్సన్ పేరే దీనికి పెట్టారు. ఆయన పద్ధతిలో పనిచేసే పరికరాలు ఈరోజుకీ ఉపగ్రహాల లెక్క సరిచూడడానికి వాడుతున్నారు.

ఒక్క మంచి ఉపగ్రహం పంపితే సరిపోదా? ఇన్ని ఎందుకు?

ఒక్కో పరికరం ఒక్కో పని బాగా చేస్తుంది, రెండోదాంట్లో తడబడుతుంది.

నేరుగా కిందికి చూసే పరికరాలు రోజుకు పధ్నాలుగు పదిహేను చుట్లు తిరిగి దాదాపు భూమినంతా చూసేస్తాయి. 1978లో నింబస్-7 మీద వెళ్లిన టామ్స్, 2004లో ఆరా మీద వెళ్లిన ఓఎంఐ, 2017లో వెళ్లిన ట్రోపోమి ఈ రకం. పటానికి ఇవి ప్రాణం. కానీ ఏ ఎత్తులో ఎంత ఓజోన్ ఉందో వీటికి సరిగా తెలియదు, మొత్తం మాత్రం చెబుతాయి. ఎస్‌బీయూవీ రకం పరికరాలు ఎత్తుల వారీగా కూడా కొంత చెబుతాయి గానీ, ఆ వివరం మసకగా ఉంటుంది.

ఎత్తుల వివరం కావాలంటే పక్క నుంచి చూడాలి. 1984 నుంచి 2005 వరకు పనిచేసిన సేజ్-2 పద్ధతి చూడండి. ఉపగ్రహం నుంచి చూస్తే సూర్యుడు ఉదయించేటప్పుడు, అస్తమించేటప్పుడు ఆ కాంతి వాతావరణం అంచుల గుండా వస్తుంది. దాన్ని కొలిస్తే ఒక్కో కిలోమీటరు చొప్పున ఓజోన్ ఎంతో తెలుస్తుంది. ఇంత శుభ్రమైన కొలత ఇంకోటి లేదు. చిక్కల్లా రోజుకు పదిహేను సూర్యోదయాలు, పదిహేను సూర్యాస్తమయాలే దొరకడం. ముప్పై చోట్ల కొలిచి ప్రపంచ పటం ఎలా గీస్తాం?

ఆరా మీదే ఉన్న ఎంఎల్ఎస్ వేరే దారి పట్టింది. ఓజోన్ అణువులు తమంతట తాము వెలువరించే మైక్రోవేవ్ తరంగాలను వింటుంది. సూర్యుడితో పని లేదు కాబట్టి రాత్రిపూట, ఆరు నెలల ధ్రువ చీకట్లో కూడా కొలుస్తుంది. రోజుకు దాదాపు 3,500 చోట్ల ఎత్తుల వారీ వివరం ఇస్తుంది.

ఇక ఆయుష్షు సంగతి. ఓజోన్ మార్పు తెలియాలంటే నలభై యాభై ఏళ్ల లెక్క కావాలి. ఉపగ్రహం ఐదేళ్లో పదేళ్లో, అదృష్టం బాగుంటే ఇరవై ఏళ్లో పనిచేస్తుంది. కాబట్టి ఒకటి ఆపిన చోట ఇంకోటి అందుకోవాలి.

అయితే అన్నింటి అంకెలూ కలిపి సగటు తీస్తే పని అయిపోతుంది కదా?

ఈ ప్రశ్నకే అన్నింటికంటే పెద్ద జవాబు కావాలి.

ధాన్యం అమ్మే రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. మిల్లు దగ్గరి కాటా ఒకటి చూపిస్తుంది, ఊరి బయట ధర్మకాటా ఇంకోటి చూపిస్తుంది. రెండూ నిజాయితీగా పనిచేస్తున్నా బస్తాకు అర కిలో తేడా రావచ్చు. మొదటి ఐదేళ్లు మిల్లు కాటా మీద, తర్వాతి ఐదేళ్లు ధర్మకాటా మీద తూచి, ఆ అంకెలను వరుసగా రాసుకుంటే పదేళ్లలో బస్తా బరువు పెరిగిందనో తగ్గిందనో అనిపిస్తుంది. మారింది కాటా, వడ్లు కాదు.

ఓజోన్‌లో ఇది ఇంకా ఇబ్బంది. రెండు మంచి పరికరాల మధ్య 5 శాతం తేడా మామూలే. మనం వెతుకుతున్న మార్పేమో పదేళ్లకు 1 లేదా 2 శాతం. వెతికే వస్తువుకంటే కొలిచే పరికరం తేడానే పెద్దది. నేను మొదటిసారి రెండు ఉపగ్రహాల ఫైళ్లు దించుకుని నేరుగా అతికించినప్పుడు గ్రాఫ్‌లో 2004 దగ్గర చక్కని మెట్టు కనిపించింది. ఏదో కనిపెట్టేశానని ఒక పూట సంబరపడ్డాను కూడా. ఆ ఏడాది ఓజోన్‌లో ఏ వింతా జరగలేదు. నా ఫైల్లో పరికరం మారింది, అంతే.

అందుకే కలిపేవాళ్లు ముందు చేసే పని రెండు ఉపగ్రహాలూ ఒకేసారి పనిచేసిన కాలాన్ని వెతకడం. సేజ్-2, ఎంఎల్ఎస్ రెండూ 2004 ఆగస్టు నుంచి 2005 ఆగస్టు వరకు కలిసి పనిచేశాయి. సరిగ్గా ఒక్క ఏడాది. ఆ ఏడాది కొలతలను అక్షాంశాల వారీగా, ఎత్తుల వారీగా పోల్చి, ఏది ఎంత ఎక్కువ చూపిస్తోందో తేల్చి, ఒకదాన్ని రెండోదానికి సరిపోయేలా జరుపుతారు. ఇరవై ఏళ్ల పాత లెక్కకూ, తర్వాతి ఇరవై ఏళ్ల కొత్త లెక్కకూ మధ్య ఉన్న వంతెనల్లో ఈ ఏడాది ఒకటి. గోజ్‌కార్డ్స్, స్వూష్ అనే రెండు ప్రసిద్ధ ఉమ్మడి రికార్డుల్లో ఈ పోలిక కనిపిస్తుంది.

ఒకే రోజు, ఒకే చోట కొలిస్తే పోలిక తేలికే కదా?

తేలికే అనిపిస్తుంది, కాదు. ఒకటి మధ్యాహ్నం కొలుస్తుంది, ఇంకోటి సూర్యాస్తమయం వేళ. 45 కిలోమీటర్ల చుట్టుపక్కల ఓజోన్ పగలూ రాత్రీ కొన్ని శాతం మారుతుంది. 60 కిలోమీటర్లు దాటాక రాత్రి ఓజోన్ పగటికంటే కొన్ని రెట్లు ఉంటుంది. అక్కడ రెండు కొలతలకూ తేడా వస్తే అది పరికరాల తేడానా, గడియారం తేడానా?

ఇక్కడే ఇంకో మెలిక. అమెరికా వాతావరణ సంస్థ నోవా పాత ఉపగ్రహాల కక్ష్య ఏటా కాస్త కాస్త జారిపోయేది. మొదట్లో మధ్యాహ్నం 2 గంటల లోపు భూమధ్యరేఖ దాటిన నోవా-11, కొన్నేళ్లకు సాయంత్రం 5 గంటల వేళకు చేరింది. కొలత సమయం మారితే ఓజోన్ మారినట్టు కనిపిస్తుంది. సూర్యుడు వాలిన కొద్దీ కాంతి తగ్గి కొలత నాణ్యత కూడా పడిపోతుంది.

ఎత్తు అనే మాట కూడా గొడవే అంటారు, నిజమేనా?

నిజమే. చదివేవాళ్లు సాధారణంగా దాటేసే విషయం ఇది. నాకు మాత్రం మొత్తం కథలో ఇదే ఇష్టం.

సేజ్ లాంటి పరికరాలు ఫలానా ఎత్తులో, ఘన సెంటీమీటరుకు ఇన్ని ఓజోన్ అణువులు అని చెబుతాయి. ఎంఎల్ఎస్, ఎస్‌బీయూవీ లాంటివి ఫలానా పీడనం దగ్గర, గాలిలో ఓజోన్ వంతు ఇంత అని చెబుతాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చాలంటే ఉష్ణోగ్రత తెలియాలి. సరే, తెలుసుకుని మార్చుకుంటాం అంటారా? కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల నేల దగ్గర వేడెక్కుతుంటే, స్ట్రాటో ఆవరణం, అంటే ఓజోన్ పొర ఉండే పైగాలి, చల్లబడుతోంది. చల్లబడ్డ గాలి కుంచించుకుపోతుంది. దాంతో ఒకే పీడనం ఉండే పొర ఏళ్లు గడిచిన కొద్దీ కిందికి దిగుతుంది. 40 కిలోమీటర్ల దగ్గర కొలుస్తూ కూర్చుంటే ఒక మార్పు, ఒకే పీడనం దగ్గర కొలుస్తూ కూర్చుంటే ఇంకో మార్పు కనిపిస్తాయి. రెండూ సరైనవే. పైగా మార్చడానికి వాడిన ఉష్ణోగ్రత రికార్డులో ఏదైనా లోపం ఉంటే అది మెల్లగా ఓజోన్ లెక్కలోకి దూరుతుంది.

ఎత్తును సరిగ్గా తెలుసుకోవడం ఇంకో తలనొప్పి. ఎగువ స్ట్రాటో ఆవరణంలో పైకి పోయే కొద్దీ ఓజోన్ చకచకా తగ్గుతుంది. అక్కడ పరికరం చూపు 100 మీటర్లు పక్కకు పోయినా ఓజోన్ లెక్కలో సుమారు 2 శాతం తప్పు వస్తుంది. పదేళ్ల మార్పు మొత్తం అంతే కదా! భూమికి 800 కిలోమీటర్ల పైన, వేల కిలోమీటర్ల దూరంలోని వాతావరణపు అంచును చూస్తూ 100 మీటర్లు తప్పకుండా ఉండడం ఎంత పనో ఊహించుకోండి.

మధ్యలో ఏ ఉపగ్రహమూ లేని కాలం వస్తే?

వచ్చింది. మీటియర్-3 ఉపగ్రహం మీది టామ్స్ 1994 చివర ఆగిపోయాక, తర్వాతి టామ్స్ పరికరాలు 1996 మధ్యలో గానీ పైకి వెళ్లలేదు. ఆ ఏడాదిన్నర ఖాళీని నోవా ఉపగ్రహాల ఎస్‌బీయూవీ-2 కొలతలతో, 1995లో ఐరోపా పంపిన గోమ్ పరికరంతో నింపారు. 2005లో ఆగిన సేజ్-2కూ, 2017లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన సేజ్-3కీ మధ్య పన్నెండేళ్ల ఎడం ఉంది. స్వీడన్ వాళ్ల ఓడిన్ ఉపగ్రహం మీది ఒసిరిస్, ఐరోపా ఎన్విశాట్, ఆరా, అమెరికా ఓంప్స్ ఆ ఎడాన్ని పూడ్చాయి. ఎన్విశాట్ అయితే 2012 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి మూగబోయింది.

అగ్నిపర్వతాలు కూడా ఖాళీలు పెడతాయి. 1991 జూన్‌లో పినటుబో బద్దలయ్యాక పైకి చేరిన సల్ఫేట్ తుంపర సూర్యకాంతిని అడ్డుకుని సేజ్-2 కొలతలను దిగువ స్ట్రాటో ఆవరణంలో చాలాకాలం పాడుచేసింది. ఉమ్మడి రికార్డుల్లో ఆ భాగాన్ని తీసేస్తారు. సరిగ్గా అప్పుడే తుంపర వల్ల ఓజోన్ తగ్గింది కూడా. ఏం జరుగుతోందో తెలియాల్సిన సమయంలోనే కళ్లకు పొర కమ్మిందన్నమాట.

రోజువారీ పటంలో ఖాళీలే కనపడవు. ఆ రంగంతా కొలిచిందేనా?

పటాన్ని బట్టి. కొన్ని పటాల్లో కొలత లేని చోట బూడిద రంగు ఉంటుంది. జూన్, జులైల్లో అంటార్కిటికా మధ్యలో కనిపించే గుండ్రటి ఖాళీ అదే. అక్కడ సూర్యుడు ఉండడు, అతినీలలోహిత కాంతి ఉండదు, కింద చూసే పరికరాలకు ఏమీ కనపడదు.

ఖాళీ లేని పటాలు డేటా అసిమిలేషన్ అనే పద్ధతిలో వస్తాయి. గాలులు ఎటు వీస్తున్నాయో, ఓజోన్ ఎక్కడ తయారై ఎక్కడ నాశనమవుతుందో తెలిసిన కంప్యూటర్ మోడల్ ఒకటి నడుస్తూ ఉంటుంది. నిన్నటి ఓజోన్ ఈరోజుకు ఎక్కడికి చేరి ఉంటుందో అది అంచనా వేస్తుంది. కొత్త కొలత రాగానే అంచనాను దాని వైపు జరుపుతారు. ఎంత జరపాలి? కొలత మీద నమ్మకం ఎక్కువైతే ఎక్కువ, మోడల్ మీద ఎక్కువైతే తక్కువ. కొలత లేని చోట మోడల్ మాటే చెల్లుతుంది. ఐరోపా కోపర్నికస్ కార్యక్రమం రోజూ ఇచ్చే ఓజోన్ అంచనాలు ఈ రకమే. నెదర్లాండ్స్ వాతావరణ సంస్థ 1970 నుంచి దొరికిన ఉపగ్రహాలన్నింటినీ ముందు నేల మీది పరికరాలతో సరిచేసి, తర్వాత ఇలా మోడల్‌లో కలిపి పెద్ద రికార్డు తయారు చేసింది.

రోజువారీ పటానికి ఈ పద్ధతికి మించింది లేదు. పదేళ్ల మార్పు కొలవడానికి మాత్రం దీన్ని వాడే ముందు ఆలోచించాలి. మోడల్‌లోకి వచ్చే కొలతలు మారినప్పుడల్లా ఆ మార్పు ఫలితంలోనూ కనపడుతుంది.

ఓజోన్ రంధ్రం అంకెలను నాసా కంప్యూటర్ చెత్తబుట్టలో పడేసిందట కదా?

సగం నిజం. టామ్స్ లెక్కల్లో 180 డాబ్సన్ యూనిట్ల కంటే తక్కువ వస్తే అనుమానాస్పదం అని గుర్తు పెట్టేవాళ్లు, పారేయలేదు. ఆ గుర్తులు దక్షిణ ధ్రువం మీద గుంపుగా రావడం నాసా శాస్త్రవేత్తలు గమనించారు. భారతదేశం నుంచి వెళ్లిన పి.కె. భార్తియా 1985 ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన సమావేశంలో ఆ పటాలు చూపించారు. అప్పటికే, అదే ఏడాది మే నెలలో, ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికాలోని హ్యాలీ బే కేంద్రంలో ఉన్న నేల మీది పరికరంతో చేసిన కొలతలు ప్రచురించి ముందు వరుసలో నిలిచారు. ఒకే చోట దొరికిన ఆ గొయ్యి ఖండమంత ఉందని చూపించింది మాత్రం ఉపగ్రహమే.

మనం పీల్చే గాలిలోని ఓజోన్‌ను కూడా ఇలాగే కొలుస్తారా?

ఒక ముచ్చటైన ఉపాయం ఉంది. ఓఎంఐ మొత్తం స్తంభం చెబుతుంది. అదే ఉపగ్రహం మీది ఎంఎల్ఎస్ స్ట్రాటో ఆవరణంలోని భాగం చెబుతుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలింది కింది భాగం. లెక్క చిన్నపిల్లలది, చిక్కు పెద్దలది. మొత్తం 300 ఉంటే కిందిది 30 దాకా ఉంటుంది. పైన 1 శాతం తప్పు జరిగితే 3 యూనిట్లు. కిందికి వచ్చేసరికి అదే 10 శాతం తప్పు.

మన దగ్గర ఎవరైనా ఈ పని చేస్తున్నారా?

తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నుంచి బెలూన్లకు ఓజోన్‌సోండ్‌లు కట్టి వదులుతారు. చిన్న పంపు గాలిని పొటాషియం అయొడైడ్ ద్రావణంలోకి ఊదుతుంది, ఓజోన్ ఉన్నంత మేర కరెంటు పుడుతుంది, రేడియోలో ఆ అంకె కిందికి వస్తుంది. బెలూన్ 30 కిలోమీటర్ల పైదాకా వెళ్లి పగిలిపోతుంది. ఉపగ్రహం చెప్పింది నిజమో కాదో సరిచూడడానికి ఇలాంటి కొలతలే ఆధారం. హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి కూడా స్ట్రాటో ఆవరణ ప్రయోగాలు జరుగుతాయి.

పటంలో మన ప్రాంతం మీద ఓజోన్ 250 నుంచి 290 మధ్య కనపడితే కంగారు పడకండి. ఉష్ణమండలంలో ఎప్పుడూ ఇంతే. ఓజోన్ ఎక్కువగా తయారయ్యేది మన నెత్తి మీదే, కానీ పైగాలులు దాన్ని ధ్రువాల వైపు మోసుకుపోతాయి.

ఇంతకీ ఓజోన్ పొర కోలుకుంటోందా?

ఎగువ స్ట్రాటో ఆవరణంలో అవును. 2000 తర్వాత పదేళ్లకు సుమారు 1.5 నుంచి 2.2 శాతం పెరుగుతోందని 2022 నాటి అంతర్జాతీయ నివేదిక తేల్చింది. ఓజోన్‌ను తినే రసాయనాలకు కళ్లెం వేసిన మాంట్రియల్ ఒప్పందం వల్ల క్లోరిన్ తగ్గడం ఒక కారణం. పైగాలి చల్లబడి ఓజోన్‌ను నాశనం చేసే చర్యలు నెమ్మదించడం ఇంకోటి. అంటార్కిటికా మీద 1980 నాటి స్థాయి 2066 ప్రాంతంలో తిరిగి వస్తుందని అదే నివేదిక అంచనా.

దిగువ స్ట్రాటో ఆవరణంలో అంత స్పష్టత లేదు. 2018లో ఒక బృందం ఉమ్మడి రికార్డులను కొత్త గణాంక పద్ధతితో కలిపి, ధ్రువాలు మినహా అక్కడ 1998 నుంచి ఓజోన్ తగ్గుతూనే ఉందని చెప్పింది. పెద్ద చర్చే నడిచింది. అక్కడ ఏటికేడాది మార్పులు ఎక్కువ, రికార్డులు ఒకదానితో ఒకటి సరిపోలేది తక్కువ. కాబట్టి ఎవరైనా ఒకే అంకె చెప్పి ముగించేస్తే, ఏ రికార్డు, ఏ ఎత్తు, ఏ సంవత్సరాల మధ్య అని అడగండి.

ఇప్పుడున్న ఉపగ్రహాలు ఇంకెంతకాలం?

నాకున్న టెన్షన్ ఎంఎల్ఎస్ గురించే. 2004లో వెళ్లిన ఆరా ముసలిదైపోయింది. 2022 జనవరిలో హుంగా టోంగా అగ్నిపర్వతం సుమారు 15 కోట్ల టన్నుల నీటి ఆవిరిని స్ట్రాటో ఆవరణంలోకి చిమ్మిందని చెప్పిన పరికరం ఎంఎల్ఎస్సే. మబ్బూ చీకటీ లెక్కచేయకుండా రోజుకు వేల చోట్ల కొలిచే ఇలాంటిది వెంటనే ఇంకోటి సిద్ధంగా లేదు. ఐరోపా ఆల్టియస్ అనే చిన్న ఉపగ్రహాన్ని తయారు చేస్తోంది. అది వేరే పద్ధతిలో కొలుస్తుంది. ఓంప్స్ పరికరాలు పనిచేస్తున్నాయి, కానీ వాటికి వెలుతురు కావాలి.

ఇంట్లో కూర్చుని నేనూ ఈ పని చేసి చూడొచ్చా?

చూడొచ్చు. నాసా, కోపర్నికస్ రెండూ డేటా ఉచితంగానే ఇస్తాయి, పేరు నమోదు చేసుకుంటే చాలు. మొదట నెలవారీ సగటు ఫైళ్లతో మొదలుపెట్టండి, రోజువారీ ఫైళ్లతో ల్యాప్‌టాప్ నిండిపోతుంది. ఫైలు వెర్షన్ నంబరు రాసిపెట్టుకోండి. ఒకే పరికరం డేటా పాత వెర్షన్‌లో ఒకలా, కొత్త వెర్షన్‌లో ఇంకోలా ఉంటుంది. రెండూ కలిసిపోతే ఆ తప్పు పట్టుకోవడం కష్టం. నాణ్యత గుర్తులు ఉన్న కాలమ్ ఒకటి ఉంటుంది, దాన్ని చూడకుండా గ్రాఫ్ గీయకండి. యూనిట్లు చూసుకోండి. గ్రాఫ్‌లో ఎక్కడైనా మెట్టు కనపడితే, ఆ నెలలో ఏ ఉపగ్రహం మారిందో ముందు వెతకండి.